ఆ రాయికి అయస్కాంతం ఆనించకండి

ఉల్కలు సేకరించేవాళ్లలో చాలామంది జేబులో అయస్కాంతం ఉంటుంది. అనుమానం కలిగిన ప్రతి రాయికీ ముందు దాన్నే ఆనించి చూస్తారు. ఎక్కువ ఉల్కల్లో లోహపు ఇనుము ఉంటుంది కనుక పరీక్ష పనిచేస్తుంది. నా దగ్గరున్న మిల్‌బిల్లిల్లీ అనే ఉల్క ముక్క దగ్గరికి మాత్రం అయస్కాంతాన్ని రానివ్వను.

1960 అక్టోబరులో పశ్చిమ ఆస్ట్రేలియాలో, కంచె గేటు తీస్తున్న ఇద్దరు పశువుల క్షేత్రం పనివాళ్లు ఆకాశంలో నిప్పుముద్దను చూశారు. మొదటి రాళ్లు 1970లో గానీ దొరకలేదు. అప్పటికి అక్కడి ఎర్రమట్టి వాటికి పట్టేసింది. ఆ మరకను కడిగేవాళ్లంటే నాకు బాధ; అది ఆ రాయి పడిన ఊరి గుర్తు. కింద వార్నిష్ వేసినట్టు మెరిసే నల్లటి పెంకు, లోపల లేత బూడిదరంగు. యూక్రైట్ అనే రకం ఇది. లావా చల్లారి గట్టిపడిన రాయి. మన వికారాబాద్ వైపు కనిపించే బసాల్టూ అలా పుట్టిందే.

యూక్రైట్ల లావా పారింది వెస్టా మీద. సుమారు 525 కిలోమీటర్ల అడ్డుకొలత ఉన్న గ్రహశకలం అది. దాని వెలుగుకూ యూక్రైట్లకూ పోలిక ఉందని 1970లో థామస్ మెకార్డ్ బృందం తేల్చింది. ఇవి ఊడిపడిన చోటేదో 2011లో అక్కడికి చేరిన డాన్ అంతరిక్ష నౌక దగ్గర నుంచి చూపించింది: దక్షిణ ధ్రువం దగ్గర దాదాపు 500 కిలోమీటర్ల వెడల్పున్న రియాసిల్వియా గొయ్యి.

అంత చిన్న లోకం కరిగిందెలా? 1996లో రాజస్థాన్‌లోని పిప్లియా కలాన్‌లో ఒక యూక్రైట్ పడింది. అందులో అల్యూమినియం-26 ఒకప్పుడు ఉండేదన్న ఆనవాళ్లను అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. ఆ రేడియోధార్మిక పదార్థం ఇచ్చిన వేడే కరిగించి ఉంటుందని 1999లో ప్రకటించారు. ఈ విషయం చదివినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

ఇక అయస్కాంతం సంగతి. అంటార్కిటికాలో దొరికిన మరో యూక్రైట్‌లో 369 కోట్ల ఏళ్ల నాటి అయస్కాంత ముద్ర మిగిలి ఉందని 2012లో బయటపడింది. దాన్నిబట్టే, వెస్టా లోపలి ఇనుప గర్భం అంతకుముందెప్పుడో సొంత అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించిందని చెప్పగలిగారు. అలాంటి ముద్రను ఒక బలమైన నియోడిమియం అయస్కాంతం తాకీ తాకగానే చెరిపేస్తుంది. పోనీ, పరీక్షకైనా పనికొస్తుందా అంటే యూక్రైట్‌లో లోహం అత్యల్పం. అయస్కాంతం సాధారణంగా పట్టుకోనే పట్టుకోదు. పెంకు మెరుపు, లోపలి రంగు చూడటమే మేలు. తేల్చాల్సింది ఎలాగూ ప్రయోగశాలే.

అందుకే అమ్మేవాళ్లను ధరకంటే ముందు, అయస్కాంతం ఆనించారా అని అడుగుతాను. సహారా ఎడారిలో దొరికిన ఉల్కలు ఎన్నో చేతులు మారి వస్తాయి కనుక చాలామంది చెప్పలేరు. ఆనించలేదని గట్టిగా చెప్పగలిగినవాళ్ల రాయి అయితే, చీటీ మీద ఊరు, తేదీ, బరువు పక్కనే ఆ మాట కూడా రాసిపెడుతున్నాను.