పెద్ద టీ, చిన్న టీ

ఫ్లెక్సీ వేసేవాళ్లకు క్యాపిటల్ అక్షరాలంటే మోజు. ఆత్రేయపురం పూతరేకుల దుకాణమైనా, దిండి రిసార్టయినా, వెబ్‌సైటు చిరునామా పెద్దక్షరాల్లో పడితేనే వాళ్లకు తృప్తి. చూసినవాడు ఫోనులో అలాగే కొడతాడు. కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని ‘పేజీ లేదు’ అని మొహం మీదే తలుపేస్తాయి. తప్పు ఫ్లెక్సీది కాదు, కొట్టినవాడిదీ కాదు. సైటుకు దారులు వేసినవాడిది. ఎక్కడ పెద్ద, చిన్న తేడా మరిచిపోవాలో, ఎక్కడ దాన్ని ప్రాణంలా కాపాడాలో తెలిసినవాడే ఈ విద్యలో పనివాడు.

చిరునామాలో మొదటి భాగాన్ని, అంటే డాట్ కామ్, డాట్ ఇన్ దాకా ఉన్న పేరును, పాల్ మొకపెట్రిస్ 1987లో రాసిన ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థ (డీఎన్ఎస్) ప్రమాణాల్లోనే చక్కబెట్టేశాడు. పోల్చేటప్పుడు పెద్దా చిన్నా ఒకటే. రాసిన రూపాన్ని మాత్రం వీలైనంతవరకు చెరపకూడదు. ఎంత ముందుచూపో! కంప్యూటరు లెక్కలో పెద్ద ఏ 65, చిన్న ఏ 97. మధ్య తేడా 32, అంటే ఒక్క బిట్టు. 2008లో పాల్ విక్సీ, డేవిడ్ డేగన్ బృందం ఆ ఒక్క బిట్టునే కాపలాకు పెట్టింది: ఫలానా పేరు ఎక్కడుందని అడిగే ప్రశ్నలో అక్షరాలను ఇష్టమొచ్చినట్టు పెద్దా చిన్నా చేసి పంపుతారు, జవాబులో అదే కలగలుపు తిరిగి రాకపోతే అది దొంగ జవాబు. ఇలాంటి పని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. పేరు తర్వాత, ఏటవాలు గీత (/) దాటాక వచ్చే దారి భాగం సంగతి వేరు. 2005 నాటి ప్రమాణం ప్రకారం అక్కడ పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు. ఇది యూనిక్స్ ఇంటి ఆచారం అంటారు. లినక్స్ సర్వర్లు, పైథాన్‌వాళ్ల జాంగో ఇప్పటికీ పాటిస్తున్నాయి. మైక్రోసాఫ్ట్ సర్వరు ఐఐఎస్ మాత్రం మామూలుగా ఎలా కొట్టినా పేజీ ఇచ్చేస్తుంది.

ఇచ్చేస్తే మంచిదేగా, అన్నింటినీ చిన్నక్షరాలకు దించేస్తే పోలా అంటారు. పోదు. తెలుగువాళ్లమే దీనికి సాక్షులం. 1990ల్లో రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తీర్చిన లిప్యంతరీకరణ పద్ధతి మొత్తం ఈ తేడా మీదే నిలబడింది. చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. చిన్న డి ద, పెద్ద డి డ. మామూలు కీబోర్డుతోనే తెలుగంతా పట్టించిన ఘనత అది. ఆ పద్ధతిలో పేరు పెట్టిన పేజీ చిరునామాను చిన్నక్షరాలకు దించండి: గుడి గుది అవుతుంది, కళ కల అవుతుంది. యూట్యూబ్ వీడియో గుర్తు పదకొండు అక్షరాలు. అందులో ఒక్కటి దించినా ఆ వీడియో రాదు. తెలుగు లిపిలో పెద్దా చిన్నా లేవు కాబట్టి తెలుగు చిరునామాకు బాధ లేదనుకుంటే అదీ పొరపాటే. ‘అమలాపురం’ అన్న మాట తెర వెనుక 72 గుర్తులుగా ప్రయాణం చేస్తుంది, వాటిలో ఇంగ్లీషు ఈ, బి లాంటివి ఉంటాయి. అవి పెద్దవైనా చిన్నవైనా ప్రమాణం దృష్టిలో ఒకటే. గుడ్డి మళ్లింపు రూల్ ఒకటి వాటిని చిన్నవి చేసి పంపితే, అవతల ఇంకో రూల్ పెద్దవి చేసి వెనక్కి పంపితే, పాఠకుడు రెండింటి మధ్య గిరగిరా తిరుగుతాడు.

మరి చేయితిరిగిన పని ఎలా ఉంటుంది? పేజీకి అసలు చిరునామా ఒక్కటే, అదీ చిన్నక్షరాల్లో. ఎవరు ఎలా కొట్టినా 301 సంకేతంతో అక్కడికే మళ్లింపు. వీడియో గుర్తుల్లా పెద్దా చిన్నా తేడాకు అర్థమున్న వాటి జోలికి మాత్రం పోకూడదు. అపాచీ సర్వరులో ఈ మళ్లింపు పనికే ‘మాడ్ స్పెలింగ్’ అని ఒక విభాగం ఉంది. స్పెల్లింగులు దిద్దే దాని పేరులోనే ఒక ఎల్ తక్కువ! పెద్దా చిన్నా తేడా వరకే దిద్దమని దానికి హద్దు కూడా గీయొచ్చు. వికీపీడియా పద్ధతి నాకు మరీ ఇష్టం: మొదటి అక్షరం ఎలా కొట్టినా ఒకటే, మిగతావాటి దగ్గర పట్టింపు. వాక్యం మొదట వచ్చినా మధ్యలో వచ్చినా మాట అదే పేజీకి చేరుతుంది.

ఇప్పుడెవరు చిరునామా కొడుతున్నారు, గూగుల్, క్యూఆర్ కోడ్ ఉండగా అని ఇంకో వాదన. గూగుల్‌కు కూడా పెద్దక్షరం చిరునామా వేరు, చిన్నక్షరం చిరునామా వేరు. మళ్లింపు లేకపోతే ఒకే పేజీ రెండుగా కనబడొచ్చు. క్యూఆర్ కోడ్ లోపల ఉన్నదీ చిరునామానే. అయినా నాసిరకం పనికి వంక కావాలి గదా! ఎక్కడో దొరికిన నాలుగు వరసల రూల్ అతికించి, హోమ్ పేజీ తెరుచుకోగానే డబ్బు పుచ్చుకుని పోయే పనివాళ్లు పెరిగారు. 1998లోనే వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ మంచి చిరునామా మారకూడదని వ్యాసం రాసి మరీ చెప్పాడు. వీళ్లకు ఏటా సైటు మార్చడమే పని, పాత చిరునామాలన్నీ గోదాట్లోకే.

కోనసీమలో సైట్లు కట్టే పిల్లలకు ఒక విన్నపం. సైటు అప్పగించే ముందు దాని చిరునామాలు ఒకసారి అన్నీ పెద్దక్షరాల్లో, ఒకసారి మొదటి అక్షరం మాత్రమే పెద్దదిగా, ఒకసారి తెలుగులో కొట్టి చూడండి. మూడూ సరైన పేజీకి చేరాకే డబ్బు అడగండి. సైటు కట్టించుకునే దుకాణదారులూ, ఆ మూడూ మీ కళ్లముందు కొట్టించాకే డబ్బివ్వండి.