ఒక్క పురుషుడు, నలుగురు స్త్రీలు: ‘కేరాఫ్ కంచరపాలెం’ కథన నిర్మాణం – ఒక పరిశీలన

ప్రవేశిక

లారీ పియర్స్ దర్శకత్వంలో 1964లో వచ్చిన స్వతంత్ర అమెరికన్ చిత్రం ‘వన్ పొటాటో, టూ పొటాటో’ శ్వేతజాతి స్త్రీ, నల్లజాతి పురుషుల దాంపత్యాన్ని చిత్రించింది. ఆమె బిడ్డను మొదటి భర్తకు అప్పగిస్తూ న్యాయస్థానమే ఆ కుటుంబాన్ని విడదీస్తుంది. మన దేశంలో 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం మతాంతర వివాహాన్ని సమ్మతించింది. అయినప్పటికీ హైదరాబాదులో దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల నడుమనున్న సరూర్‌నగర్‌లో 2022 మే నెలలో మతాంతర వివాహం చేసుకున్న యువకుడు నడివీధిలో హత్యకు గురయ్యాడు. చట్టం అడ్డు చెప్పని చోట ఇల్లూ వీధీ తీర్పరులవుతున్నాయి. ఈ తీర్పును తెలుగు స్వతంత్ర సినిమా ఎట్లా కథనీకరించిందో తెలుసుకోవడానికి వెంకటేశ్ మహా ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) ముఖ్యమైన ఆధారం.

నిర్మాణ విశేషం

విశాఖపట్నంలోని కంచరపాలెం నేపథ్యంగా, అధికభాగం స్థానికులే నటించిన ఈ చిత్రంలో సుందరం–సునీత, జోసెఫ్–భార్గవి, గడ్డం–సలీమా, రాజు–రాధల ప్రేమకథలు సమాంతరంగా సాగుతాయి. ఆ నలుగురు పురుషులూ వేర్వేరు వయసుల్లోని ఒకే వ్యక్తి అని చివరన తెలుస్తుంది. పేరును, వేషాన్ని బట్టి మతాన్ని నిర్ణయించుకున్న ప్రేక్షకుని అలవాటే ఇక్కడ విమర్శకు గురవుతుంది. ఉపన్యాసం లేకుండా నిర్మాణం ద్వారానే ఈ పని జరగడం చిత్రపు బలం.

అయితే అదే మలుపు మరొక అసమానతను సృష్టిస్తుంది. పురుషులు నలుగురూ ఒక్కరిగా కలిసిపోగా, స్త్రీలు నలుగురుగానే మిగిలిపోతారు. ఇంటి ఒత్తిడికి తలవంచి వేరొకరిని పెళ్లాడిన భార్గవి తరువాతి జీవితం కథకు అవసరపడదు. సలీమా మరణం ఆమె విషాదంగా కాక, రాజు జీవితంలోని ఒక అధ్యాయంగా మారుతుంది. సలీమా పాత్రను చిత్ర నిర్మాత పరుచూరి ప్రవీణ స్వయంగా పోషించారు. ఆ నటనలోని నిబ్బరం పాత్రకు కథ ఇచ్చిన చోటు కంటే పెద్దది. నలభై తొమ్మిదేళ్ల వయసులో రాజుకు దక్కిన తోడు, ముందరి నష్టాలన్నిటికీ పరిహారమన్న భ్రమను కలిగిస్తుంది.

రాధ కథ దీనికి కొంత మినహాయింపు. ఒడియా వితంతువు, అధికారిణి అయిన ఆమెకు కూతురు అండగా నిలుస్తుంది. ఇల్లు ప్రేమకు అడ్డుగోడే కాదు, ఆసరా కూడా కాగలదని చూపిన ఘట్టమిది.

ముగింపు

హద్దులు దాటిన ప్రేమకు స్త్రీ చెల్లించిన మూల్యం పురుషుని అనుభవంగా లెక్కకు రాకూడదు. ఈ చిత్రాన్ని రాజు వైపు నుంచి చదివితే ఓర్పుకు దక్కిన ఫలంగా, భార్గవి, సలీమాల వైపు నుంచి చదివితే పూర్తికాని అభియోగపత్రంగా కనిపిస్తుంది. తెలుగు సినీవిమర్శ మొదటి పఠనం దగ్గరే ఆగిపోతే, ఇల్లూ వీధీ చెప్పే తీర్పును ప్రశ్నించకుండానే ఆమోదించినట్లవుతుంది.