పొట్టి హోల్‌కి ఏ క్లబ్?

గోల్ఫ్‌లో పార్-3 అంటే చాలామందికి కాస్త ఊపిరి పీల్చుకునే చోటు. టీ మీంచే జెండా కనబడుతుంది. ఒక దెబ్బకి బంతి గ్రీన్ ఎక్కితే, రెండు పట్లతో పని అయిపోతుంది. నాకు మాత్రం ఆట మొత్తంలో ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే అనిపిస్తుంది. పెద్ద హోల్‌లో మొదటి దెబ్బ తేడా వచ్చినా రెండోదానితో సర్దుకోవచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు.

మనలాంటి మామూలు ఆటగాళ్ల బంతి గ్రీన్ దాటిపోవడం అరుదు. ఎక్కువసార్లు ముందే, ఇసుకలోనో నీళ్లలోనో పడుతుంది. ఎప్పుడో గాలి కలిసొచ్చి ఏడో నంబర్ ఐరన్‌తో 150 గజాలు కొట్టి ఉంటాం. ఇక అదే మన లెక్క అయి కూర్చుంటుంది. రోజూ పోయేది 140. ఆ తక్కువైన పది గజాల్లోనే బంకర్ తవ్వి ఉంటుంది.

“ఆరు తీస్కోండి సార్, మెల్లగ కొట్టండి” అంటాడు హైదరాబాద్ క్యాడీ. అనేముందు నాలుగు గడ్డిపరకలు తుంచి భుజమెత్తున వదులుతాడు. తర్వాత గ్రీన్ వెనక చెట్ల కొసలు చూస్తాడు. టీ దగ్గర ఆకు కదలకపోయినా, బంతి ఎగిరే ఎత్తులో గాలి ఉండొచ్చు. ఎదురుగాలి లాగేసుకునే దూరం, వెనకగాలి ఇచ్చేదానికన్నా ఎక్కువ. పైగా చిన్న క్లబ్‌ని, అంటే ఎక్కువ నంబర్ ఉన్నదాన్ని, బలంగా బాదితే బంతి ఎక్కువగా తిరుగుతూ పైకి లేచి, ఆ గాలికి అక్కడే కూలబడుతుంది.

అమెరికాలోని అగస్టా 12వ హోల్ 155 గజాలే. ముందు రేస్ క్రీక్ వాగు. గ్రీన్ ఐమూలగా ఉండటంతో కుడిపక్క కొంచెం ఎక్కువ దూరం. ఇక్కడ జరిగే మాస్టర్స్ టోర్నీ చివరి రోజు జెండా అక్కడే పెడతారు. 2019లో మోలినారి, ఫినావ్, కోప్కా, పౌల్టర్ నలుగురూ అక్కడ బంతిని వాగు పాలు చేశారు. టైగర్ వుడ్స్ జెండా జోలికి పోకుండా, మధ్య బంకర్ మీదుగా గ్రీన్ ఎడమవైపు కొట్టి, రెండు పట్లతో ముగించి, టోర్నీ గెలిచాడు. అంతటివాడే 2020లో అదే హోల్‌లో గాలిని తప్పుగా అంచనా వేసి 10 దెబ్బలు తీసుకున్నాడు. అందుకే క్లబ్ ఎంపిక రోజూ కొత్తగా చేయాల్సిన పని అంటాను.

పెద్ద క్లబ్ తీస్తే పక్కవాళ్లు బలం లేదనుకుంటారన్న బిడియం ఒకటి మనకుంది. అది అక్కర్లేదని చెప్పే కథ ఒకటుంది. స్కాట్లాండ్‌లోని ట్రూన్ 8వ హోల్ గ్రీన్ ఎంత చిన్నదంటే దాన్ని ‘పోస్టేజ్ స్టాంప్’ అంటారు. 120 గజాల పైచిలుకు దూరం. గాలి లేకపోతే కుర్రాళ్లు వెడ్జ్‌తో కొట్టేస్తారు. 1973 ఓపెన్‌లో 71 ఏళ్ల జీన్ సరాజెన్ అక్కడ ఐదో నంబర్ ఐరన్ తీశాడు. బంతి నేరుగా గుంటలో పడింది. ఏ నంబర్‌తో కొట్టావని స్కోర్ కార్డు అడగదు.

ఈ ఆదివారం ఆడేవాళ్లకి ఒక మాట. జెండా దాకా ఎంత దూరమో అడిగాక, గ్రీన్ వెనక అంచు దాకా ఎంతో కూడా అడగండి. వెనక ప్రమాదం లేకపోతే మీరు తీయబోయే క్లబ్ బ్యాగులో పెట్టేసి, దానికన్నా ఒకటి పెద్దది తీయండి. గ్రీన్ మధ్యకి గురిపెట్టి, తొందరపడకుండా కొట్టండి.