మంచి చెడుల నడుమ: ఎండో నవల ‘మౌనం’ – ఒక విమర్శనాత్మక పరిశీలన

మంచిని చేపట్టి చెడును విసర్జించమని బోధించడం సులువు. ఏ వైపు అడుగు వేసినా చెడే ఎదురయ్యేటప్పుడు విశ్వాసి ఏమి చేయాలన్నదే కష్టమైన ప్రశ్న. జపాను కథోలిక రచయిత షుసాకు ఎండో 1966లో ప్రచురించిన ‘మౌనం’ నవల ఈ ప్రశ్ననే మన ముందుంచుతుంది. దీనిని విశ్వాసభ్రష్టత్వానికి సమర్థనగా ఖండించినవారున్నారు. ప్రేమకు పరాకాష్ఠగా కొనియాడినవారూ ఉన్నారు. ఈ రెండు తీర్పులూ తొందరపాటువేనని మా అభిప్రాయం.

1614లో తొకుగావ ప్రభుత్వం జపాను అంతటా క్రైస్తవ్యాన్ని నిషేధించింది. తరువాతి కాలంలో అధికారులు క్రీస్తు లేక మరియ రూపమున్న ఫలకాన్ని (ఫుమియె) కాలితో త్రొక్కమని అనుమానితులను బలవంతపెట్టేవారు. 1633లో యేసుసభ గురువు ఫెరేరా చిత్రహింసకు లొంగి విశ్వాసాన్ని విడిచాడు. ఇంతవరకు చరిత్ర. ఆయన జాడ వెదకుతూ వచ్చిన రోడ్రిగ్స్ మాత్రం కల్పిత పాత్ర.

చెరలో రోడ్రిగ్స్ గురక అనుకొన్న శబ్దం గుంటలో తలక్రిందులుగా వ్రేలాడుతున్న గ్రామస్థుల మూలుగు. వారు అప్పటికే విశ్వాసాన్ని వదులుకొన్నారు. అయినా గురువు ఫుమియెను త్రొక్కేవరకు వారికి విడుదల లేదు. ఆయన తన ప్రాణమైతే ఇచ్చి ఉండేవాడు; అక్కడ పణంగా పెట్టబడినది ఇతరుల ప్రాణం. చివరకు ఫలకం మీది క్రీస్తే త్రొక్కమని పలికినట్లు విని, ఆయన త్రొక్కుతాడు.

ఈ ఘట్టంలో ముందుగా దోషి ఎవరు? ఆ రెండు దారులను సిద్ధపరచిన అధికారి. త్రొక్కిన పాదాన్నే చూచే విమర్శ ఈ సంగతిని మరచిపోతుంది. అయితే త్రొక్కడం అంతటితో మంచిపని అయిపోదు. మేలు కలగడానికి కీడు చేయవచ్చుననే వాదనను పౌలు తిరస్కరించాడు (రోమా 3:8). ఆ స్వరం క్రీస్తుదా, నలిగిన మనస్సుదా అన్నది ఎండో తేల్చలేదు. తరువాతి బ్రదుకును మాత్రం దాచలేదు: రోడ్రిగ్స్ జపాను పేరుతో జీవిస్తూ, ఓడలలో వచ్చే సరుకులలో క్రైస్తవ వస్తువులను గుర్తుపట్టి అధికారులకు చెబుతాడు. కనికరంతో వేసిన ఒక అడుగు ఆయనను ఎంత దూరం ఈడ్చుకుపోయిందో చూపడంలోనే నవల నిజాయితీ ఉన్నది.

నయమాను రిమ్మోను గుడిలో రాజుతో కూడ వంగవలసి వస్తుందని ముందే చెప్పుకొన్నాడు (2 రాజులు 5:18-19). అది తప్పు కాదని వాదించలేదు, క్షమాపణ కోరాడు. ఎలీషా అతనిని గద్దించలేదు, మెచ్చుకోనూ లేదు, సమాధానముతో పంపివేశాడు.

ఇది మన సంఘాలకు దూరపు కథ కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవ దళితులను చేర్చలేదు. తెలుగునాట వారిని బి.సి.-సి వర్గంలో ఉంచారు. బాప్తిస్మంలో ఒక పేరు, పిల్లల చదువు కోసం ధ్రువపత్రంలో మరొక పేరు. ఈ నలుగుబాటును ఎరుగని కాపరి అరుదు. హింసల గుంటకూ ధ్రువపత్రానికీ మధ్య దూరం చాలా ఉన్నది. కాని అన్యాయపు ఎంపికను ఒకరు నిర్మించడం, దాని భారాన్ని బలహీనుడు మోయడం రెండింటిలోనూ కనిపిస్తాయి.

అట్టివారిని ప్రభువు బల్లకు దూరం చేసే కాపరి ఉత్తర్వును వదలి బాధితునికి తీర్పు తీరుస్తున్నాడు. ఏమీ కాలేదని భుజం తట్టే కాపరి వారి మనస్సాక్షి మూలుగును గురక అనుకొంటున్నాడు. ఆ మూలుగును విని, వారితో కలిసి క్షమాపణ వేడుకొని, ఆ ఎంపికను మోపిన అన్యాయాన్ని పేరు పెట్టి పిలవడమే మన పరిచర్య అని మేము నమ్ముతున్నాము.