లగ్గం టైముకు నువ్వెక్కడ నిలబడతవు?

బోధన్ రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాలు. పగటి లగ్గం. పంతులు గొంతు పెంచాడు, బ్యాండువాళ్లు అందుకున్నారు, జీలకర్ర బెల్లం ముద్దలు తలల మీదికి వెళ్లాయి. వెళ్లే ఉంటాయని మేము అనుకున్నాం. కింద కుర్చీల్లో ఉన్న నాలుగు వందల మందికి కనిపించినవి ఐదుగురు కెమెరావాళ్ల వీపులు, ఒక లైటు స్టాండు, ఎవరిదో ప్యాంటు జేబులోంచి వేలాడుతున్న ఛార్జరు వైరు. నా పక్కన కూర్చున్న ముసలమ్మ అక్షింతలు పిడికిట్లో పట్టుకొని చాలాసేపు చూసింది. చూసి చూసి, "ఎవ్వలి మీద ఎయ్యాలె బిడ్డా, ఫోటోలోళ్ల మీదనా?" అంది.

అప్పటి నుంచి చుట్టాల్లో ఎవరింట పెండ్లి కుదిరినా, ఫోటోగ్రాఫర్‌ను మాట్లాడటానికి నన్ను తోలుకపోతే ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను. మామూలుగా అందరూ అడిగేవి వేరు. ఎంత తీసుకుంటవు, ఆల్బమ్ ఎన్ని షీట్లు, డ్రోన్ ఉన్నదా, ఎల్ఈడీ స్క్రీన్లు ఎన్ని, టీజర్ ఎప్పుడిస్తవు. వీటికి జవాబులు నిజామాబాద్‌లోనైనా బోధన్‌లోనైనా స్టూడియోవాళ్ల నోటిమీదే ఉంటాయి. నా ప్రశ్నకు అట్లా తయారు జవాబు ఉండదు. "తమ్మీ, లగ్గం టైముకు నువ్వెక్కడ నిలబడతవు?"

కొందరు నవ్వుతారు. కొందరు "ఎక్కడనేంది సార్, మండపం మీదనే" అంటారు. ఒక్కడు మాత్రం ఎదురు నన్నే అడిగాడు: "పంతులు ఎవరు సార్? తెరశెల్ల ఎవరు పట్టుకుంటరు, పొడుగోళ్లా పొట్టోళ్లా?" అడ్వాన్సు అతని చేతిలోనే పెట్టించాను.

మన పెండ్లిలో ముహూర్తమంటే పుస్తె కట్టే ఘడియ అని సినిమాలు చూసి పెరిగినవాళ్లు అనుకుంటారు. పంచాంగం విప్పి, గంటా నిమిషం లెక్కగట్టి పెట్టే లగ్నం జీలకర్ర బెల్లానిది. నూరిన జీలకర్రను బెల్లంతో కలిపిన ముద్దను, మధ్యలో తెర అడ్డం ఉండగా, ఒకరి తల మీద ఒకరు పెడతారు. ఆ చేతులు కొంతసేపు అట్లాగే ఉంటాయి గనుక చేతుల ఫోటో చేతగానివాడికి కూడా దొరుకుతుంది. దొరకనిది ఆ తర్వాతిది. తెర దిగుతుంది, ఇద్దరి చూపులూ కలుస్తాయి. ఆరు నెలలుగా రోజూ వీడియో కాల్‌లో మాట్లాడుకుంటున్న జంటకైనా ఆ చూపు వేరేగానే ఉంటుంది, నేను గమనించాను. దాని ఆయుష్షు ఒక్క సెకను. ఆ వెంటనే నవ్వేస్తారు, లేదా తలలు దించుకుంటారు, లేదా కెమెరా వైపు తిరుగుతారు. ఈ మూడోది ఈ మధ్య ఎక్కువైంది.

ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరి ముఖాలూ ఒక్క కెమెరాకు దొరకవు. పిల్ల ముఖం కావాలంటే పిలగాడి భుజం పక్కనుంచి చూడాలి, పిలగాడిది కావాలంటే పిల్ల భుజం పక్కనుంచి. అందుకే పని తెలిసినవాళ్లు మండపం రెండు మూలల్లో ఇద్దరు, మోకాళ్ల మీద, తెర ఎత్తుకన్నా కిందికి కూర్చుంటారు. కూర్చుంటే జనానికి అడ్డం రారు. పైగా తెర దిగేటప్పుడు వాళ్ల కళ్లు పెండ్లివాళ్ల కళ్ల ఎత్తులోనే ఉంటాయి. మూడోవాడు హాలు మధ్య దారిలో, దూరంగా, పొడుగు లెన్సుతో ఉంటాడు. చేతులెత్తిన చుట్టాలూ గాలిలో అక్షింతలూ కలిపి లగ్గం మొత్తం అతనికే పడుతుంది. ఆ అక్షింతలు గింజగింజగా గాలిలో నిలబడాలంటే షట్టరు సెకనులో ఐదు వందలవ వంతుకు మూసుకోవాలి. అరవయ్యో వంతు పెడితే గింజలు పసుపు గీతలవుతాయి. రెండూ బాగుంటాయి, కాని ఏది కావాలో ముందే అనుకొని ఉండాలి. ఫ్లాష్‌కూ ఒక లెక్క ఉంది. ఒకసారి వెలిగాక మళ్లీ నిండటానికి కొంచెం సమయం పడుతుంది. చేతుల మీద వరుసగా పది ఫోటోలు కొట్టినవాడికి తెర దిగే సెకనులో ఫ్లాష్ ఖాళీ. ఓపికగలవాడు చేతుల ఫోటో రెండుసార్లు కొట్టి ఆగిపోతాడు.

బోధన్ సీమలో తెలుగు లగ్గం ఒక్కటి తెలిస్తే సరిపోదు. మంజీర అవతల మహారాష్ట్ర. ఇవతల కూడా మరాఠీ మాట్లాడే ఇండ్లు ఎన్నో. వాళ్ల తెర అంతర్‌పాట్. మంగళాష్టకాలు చదువుతుంటే ఒక్కో శ్లోకానికి అక్షతలు పడుతుంటాయి, చివరి శ్లోకం అయ్యాకే తెర తొలగుతుంది. శ్లోకాలు లెక్కపెట్టుకోవడం రానివాడు అక్కడ తప్పిపోతాడు. 1931లో నిజాంసాగర్ కట్టడం పూర్తయి కాలువల్లో నీళ్లొచ్చాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి వర్ని చుట్టుపక్కల క్యాంపులు వేసుకున్నవాళ్ల పెండ్లిళ్లలో పెండ్లికూతురు గంపలో కూర్చొని మేనమామల చేతుల మీద మండపానికి వస్తుంది. ఆ దారి ఏ వైపునుంచో అడిగి తెలుసుకోకపోతే మేనమామల వీపులే మిగులుతాయి. మన పక్క ఇండ్లలో పెండ్లి అసలు ఫంక్షన్ హాలుకు రాకముందే సగం అయిపోతుంది. కుమ్మరింటి నుంచి ఐరేని కుండలు తేవడం, పసుపు దంచడం, మైలపోలు తీయడం ఇంటి ముందటి పందిట్లోనే జరుగుతాయి. "ఒక్క రోజు ప్యాకేజీ" అని సంతకం పెట్టినవాళ్ల ఆల్బమ్‌లో ఇవేవీ ఉండవు. తర్వాత అవ్వ అడుగుతుంది, "కుండలేవి రా?" అని.

నికాహ్ సంగతి ఇంకొకటి. చాలా ఇండ్లలో పెండ్లికూతురు ఆడవాళ్ల గదిలో ఉంటుంది, పెండ్లికొడుకు ఖాజీ ముందు ఉంటాడు. ఖుబూల్ అనే మాట రెండు చోట్ల పలుకుతారు, నికాహ్‌నామా మీద సంతకాలు రెండు చోట్ల పడతాయి. ఆడవాళ్ల వైపు కెమెరా పట్టాల్సింది ఆడమనిషి. ఇది కొత్త కోరిక కాదు. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీనదయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో పర్దా పాటించే ఆడవాళ్ల కోసం జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళ చేతికి అప్పగించాడు. నూట ముప్పయ్యేళ్లు దాటాయి. ఇప్పటికీ కొన్ని స్టూడియోల్లో "లేడీ ఫోటోగ్రాఫర్ కావాలె" అంటే "చూద్దాం సార్" అని తల గోక్కుంటారు. చూద్దాం అంటే లేదని.

ఇక పసుపు. నిజామాబాద్ పసుపు సంగతి నిజామాబాద్‌వాళ్లకు చెప్పక్కర్లేదు. 2025లో జాతీయ పసుపు బోర్డు కూడా ఇక్కడికే వచ్చింది. అయినా మన పెండ్లి ఆల్బముల్లో పసుపు మాత్రం పసుపుగా ఉండదు. దానికి కారణం కెమెరాలోనే ఉంది. ఆటో వైట్ బ్యాలెన్స్ మీద వదిలేస్తే ఎదురుగా అంతటా పసుపు కనబడగానే కెమెరా అది వస్తువు రంగు కాదు, బల్బు వెలుతురు రంగు అని పొరబడుతుంది. సరిచేస్తున్నాననుకొని నీలం కలుపుతుంది. పసుపు పూసిన పిల్ల పాలిపోయి, జ్వరం పడి లేచినట్టు కనబడుతుంది. తెలిసినవాడు ఆటో తీసేసి వెలుతురు కొలత చేత్తో పెట్టుకుంటాడు. పగటి ఎండకు 5500 కెల్విన్ దగ్గర, పాతకాలపు పసుపు బల్బుకు 3200 దగ్గర. పందిరి పచ్చాకుల కింద ఇంకో చిక్కు, ఆకుల్లోంచి దిగిన ఎండ ముఖాలకు ఆకుపచ్చ పూస్తుంది. ఫంక్షన్ హాల్లో వెనక ఎల్ఈడీ గోడ ఉంటే షట్టరు వేగం కుదరక ఫోటో మీద నల్లటి అడ్డగీతలు పడతాయి. ఈ మూడింటి గురించి ఫోటోగ్రాఫర్‌ను అడగనక్కర్లేదు. అతను తీసిన పసుపు ఫంక్షన్ ఫోటోలు నాలుగు చూస్తే చాలు, పసుపు పసుపులాగా ఉందో లేదో మన కండ్లకే తెలుస్తుంది.

అదే చూపుతో ముఖాలు కూడా చూడాలి. మిక్సింగ్‌లో, ఆల్బమ్ డిజైన్‌లో ముఖాలను తెల్లగా తోమేసే అలవాటు ఒకటి ఈ వృత్తికి పట్టుకుంది. మా దగ్గరి చుట్టాల ఆల్బమ్‌లో ఎండలో నాట్లేసిన నల్లటి పెద్దనాయన సున్నం కొట్టిన గోడలా వచ్చాడు. స్టూడియో పేరు చెప్పను. పెద్దనాయన మాత్రం ఆల్బమ్ తిరగేసి, "ఈయన ఎవల తరఫు?" అని అడిగాడు.

శాంపిల్ ఆల్బమ్‌కు మోసపోయేది కూడా ఇక్కడే. స్టూడియోలో మనకు చూపించేది యాభై పెండ్లిళ్లలోంచి ఏరిన యాభై ఫోటోలు. ఆ పక్కనే అలీసాగర్ తోటలో, అశోక్‌సాగర్ గట్టున, డిచ్‌పల్లి రామాలయం మెట్ల మీద తీసిన ప్రీ వెడ్డింగ్ బొమ్మలు. రంగు పొగ డబ్బాలు వెలిగించి తీసినవైతే వాటి దగ్గర నేను నిలబడను. ప్రీ వెడ్డింగ్‌లో బాగా రాకపోతే మళ్లీ నడిపించి తీయొచ్చు. పెండ్లిలో అప్పగింతలప్పుడు "ఇంకోసారి ఏడ్వమ్మా" అనలేడు కదా. అందుకే ఒక్క పెండ్లి మొదటి నుంచి చివరిదాకా, ఏరకుండా చూపించమనాలి. మధ్యాహ్నం భోజనాల వేళ, కట్నాలు చదివించే వేళ, రాత్రి బరాత్‌లో బ్యాండు లైట్ల కింద ఏం తీశాడో అందులో బయటపడుతుంది. కూర్చున్న ముసలివాళ్లు ఉన్నారా, వంటవాళ్లు ఉన్నారా, చెప్పుల దగ్గర దొంగాట ఆడుతున్న పిల్లలు ఉన్నారా అని నేను వెతుకుతాను.

చూపించినవాడే వస్తాడా అన్నది మన సీమలో పెద్ద గండం. పసుపు పంట మార్కెట్ యార్డుకు పోయి డబ్బు చేతికొచ్చేదీ, యాసంగి వరి కోతలయ్యేదీ ఎండాకాలంలోనే. పిల్లలకు సెలవులూ అప్పుడే. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఎట్లాగూ పనికిరావు. మధ్యలో శుక్రమూఢమో గురుమూఢమో పడిందంటే మిగిలిన నాలుగు ముహూర్తాల మీద జిల్లా అంతా పడుతుంది. ఒకే రోజు ఒక్క స్టూడియోకు ఆరు పెండ్లిళ్లు. బోర్డు మీద పేరున్నాయన ఒక్క చోటికే వెళ్లగలడు, మిగతా ఐదు చోట్లకు దినకూలీ మీద తెచ్చిన పిల్లలు వెళతారు. వాళ్లలోనూ మంచి పనివాళ్లు ఉంటారు, నేను చూశాను. కాని వాళ్లకు మన పెండ్లి గురించి ఎవరూ చెప్పి ఉండరు. అడ్వాన్సు ఇచ్చే రోజునే మన ఇంటికి వచ్చే మనిషి పేరు రసీదు మీద రాయించుకోవాలి. వీలైతే ఆ మనిషిని ఒకసారి పంతులుతో కలిపి కూర్చోబెట్టాలి. ఆ అరగంటకు ప్యాకేజీలో ధర ఉండదు.

రసీదు మీద ఇంకో రెండు మాటలు. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు తీయించుకున్నవాళ్లదే. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది. మన పిల్ల ఫోటోను స్టూడియోవాళ్లు ఫ్లెక్సీ మీదికో ఇన్‌స్టాగ్రామ్ మీదికో ఎక్కించే ముందు మనల్ని అడగాలని రాయించుకుంటే గొడవ ఉండదు. డ్రోన్ 250 గ్రాములు దాటితే, డబ్బు తీసుకొని ఎగరేసేవాడికి పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. ఆల్బమ్‌కు ఎన్‌టీఆర్ షీట్లు వేస్తామంటే సంబరపడొద్దు, రామారావుగారికీ దానికీ సంబంధం లేదు. నాన్ టేరబుల్, చినగని షీటు అని.

ఫైళ్లు ఎక్కడ ఉంటాయన్నది అన్నిటికన్నా ముఖ్యం. కెమెరాలో రెండు కార్డులు వేసి రెండింటి మీదా ఒకేసారి రాసుకునే సదుపాయం మంచి కెమెరాలకు ఉంది, వాడతాడా అని అడగాలి. పెండ్లి తర్వాత మూడు కాపీలు ఉండాలి. అందులో ఒకటి వేరే ఊళ్లో ఉంటే ఇంకా మంచిది. ఒకప్పటి పెండ్లి క్యాసెట్లకు బూజు పట్టింది, సీడీలు పెట్టుకునే డబ్బాలే ఇండ్లల్లో లేవు. హార్డ్‌డిస్క్ అల్మారాలో ఉంటుంది, దాని వైరు మాత్రం ఏ ఇంట్లోనూ దొరకదు.

మా మేనత్త పెండ్లి శక్కర్‌నగర్‌లో, నిజాం షుగర్ ఫ్యాక్టరీ క్వార్టర్ల ముందు పందిట్లో అయింది. అప్పుడు 120 రోలు ఫిల్ముకు పన్నెండే ఫోటోలు. ఫోటోగ్రాఫర్ ఒక్కడు, రోలు ఒక్కటి, పెండ్లి రెండు రోజులు. ఏ ఘడియకు ఒక ఫోటో ఖర్చు పెట్టాలో, ఏది వదిలేయాలో అతను ముందే అనుకొని వచ్చి ఉంటాడు. పన్నెండింటిలో ఒక్కటే తెర దిగినప్పటిది. తెర పట్టుకున్న ఇద్దరి వేళ్లు ఇంకా అంచు మీదే ఉన్నాయి, అత్త కళ్లు అప్పుడే పైకి లేస్తున్నాయి.

మొన్న ఆ ఆల్బమ్ తీసి చూపిస్తూ ఆమె ఆ చూపు దగ్గర ఆగలేదు. పందిరి గుంజకు అవతల, పైన, మసకగా ఉన్న చారను వేలితో చూపించింది. 1937లో మొదలై 2015లో మూతబడ్డ ఫ్యాక్టరీ చిమ్నీ అది.

"పొగ చూసినవా? ఫ్యాక్టరీ నడుస్తుండె. మీ మామ డ్యూటీ దిగి అట్లనే వచ్చి కూసున్నడు పీటల మీద."