టర్బో ఇంజను: లోపలి భాగాల ఎంపికపై ఒక విమర్శ

మోటారు కారు ఇంజనుకు టర్బోచార్జరు అమర్చదలచిన వారికి తరచుగా వినవచ్చే సలహా ఒకటున్నది: ముందుగా లోపలి భాగాలన్నీ తీసివేసి, దొరికినంతలో గట్టివి వేయవలెనని. పోత పోసిన పిస్టన్లకు బదులు ఫోర్జ్ చేసినవి, అనగా వేడిచేసిన లోహాన్ని అచ్చులో బలంగా నొక్కి తీర్చినవి. సన్నని కనెక్టింగ్ రాడ్లకు బదులు లావైనవి. మేలిరకం ఉక్కు క్రాంకు షాఫ్టు. ఈ జాబితా పూర్తి అయితే ఇంజను ఎంత పీడనానికైనా తట్టుకొంటుందని నమ్మకం. ఈ సలహాలో సగమే సత్యం. మిగిలిన సగాన్ని నమ్మి, చాల ధనం వెచ్చించి కట్టిన ఇంజన్లలో కూడ పిస్టన్లు కరుగుతున్నవి. కనుక దీనిని పరీక్షించి చూద్దాం.

టర్బోచార్జరు చేసే పని సులభంగానే గ్రహించవచ్చు. వ్యర్థంగా పోయే పొగ వాయువులు ఒక చక్రాన్ని తిప్పుతాయి. అదే ఇరుసు రెండవ కొననున్న చక్రం గాలిని నొక్కి సిలిండర్లలోనికి పంపుతుంది. గాలి హెచ్చినకొద్దీ ఇంధనాన్ని హెచ్చుగా మండించవచ్చు, శక్తి హెచ్చుతుంది. అయితే దీనితో పాటు రెండు కష్టాలు వస్తాయి. ఒకటి పీడనం, రెండవది వేడి. గట్టి లోహం మొదటిదానికి సమాధానం చెప్పగలదు గాని, రెండవదానికి చెప్పలేదు. వేడి మితిమీరినప్పుడు, నిప్పురవ్వతో మొదలైన మంట ఇంకా చేరకముందే మూలనున్న మిశ్రమం తనంతట తానే ఒక్కుమ్మడిగా అంటుకొంటుంది. దీనినే నాకింగ్ అంటారు. సమ్మెటతో కొట్టినట్లు వినిపించే ఈ దెబ్బ ఎంత మంచి పిస్టన్‌నైనా కాలక్రమాన పాడుచేయక మానదు.

ఈ విషయాన్ని తూచి చూడడానికి 1962లో అమెరికాలో వెలువడిన రెండు కార్లు చక్కని ఉదాహరణలు. రెండూ జనరల్ మోటార్స్ కంపెనీవే. ఒకటి ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, రెండవది షెవ్రొలె కోర్వెయిర్ మోన్జా స్పైడర్. టర్బో అమర్చి అమ్మకానికి తెచ్చిన మొదటి పాసెంజరు కార్లు ఇవే.

జెట్‌ఫైర్ ఇంజను 3.5 లీటర్ల అల్యూమినియం వి-8. టర్బో లేని తన తోటి ఇంజనులో ఉన్న 10.25 సంపీడన నిష్పత్తిని దీనిలోనూ అలాగే ఉంచారు. 185 అశ్వశక్తి 215 అయినది. నాకింగ్‌ను ఆపడానికి నీరు, మిథైల్ ఆల్కహాలు కలిపిన ద్రవాన్ని గాలితోపాటు లోనికి చిమ్మారు. అది ఆవిరి అవుతూ వేడిని పీల్చుకొంటుంది. కోర్వెయిర్ నిర్మాతలది వేరు దారి. గాలితో చల్లబడే తమ ఆరు సిలిండర్ల ఇంజనుకు సంపీడన నిష్పత్తిని 8 వద్ద ఉంచారు. క్రాంకు షాఫ్టుకు మరింత గట్టి మిశ్రమ ఉక్కును, పొగ వాల్వులకు వేడిని ఓర్చే మిశ్రమ లోహాన్ని ఎన్నుకొన్నారు. ఈ 2.4 లీటర్ల ఇంజను 150 అశ్వశక్తి ఇచ్చినది.

ఈ తేడాను విద్యార్థులు తామే లెక్క కట్టవచ్చు. ఉష్ణమార్పిడి లేని సంపీడనంలో, సంపీడన నిష్పత్తికి 0.4 ఘాతం కట్టి, మొదటి ఉష్ణోగ్రతను దానితో గుణిస్తే చివరి ఉష్ణోగ్రత వస్తుంది. మొదట గాలి 300 కెల్విన్‌లో ఉన్నదనుకొందాం. నిష్పత్తి 8 అయితే 689 కెల్విన్, 10.25 అయితే 761 కెల్విన్ వస్తుంది. ఇక టర్బో గాలిని నొక్కడంలో దానిని 337 కెల్విన్‌కు వేడిచేసిందనుకొంటే, ఇవి వరుసగా 774, 855 అవుతాయి. అనగా టర్బో ఉన్న 8 నిష్పత్తి ఇంజను, టర్బో లేని 10.25 నిష్పత్తి ఇంజనుకు దాదాపు సమానమైన వేడిలోనే ఉంటుంది. టర్బో ఉన్న 10.25 నిష్పత్తి ఇంజను మాత్రం ఇంకో 80 కెల్విన్ మించిపోతుంది. ఆ మించిన వేడిని పిస్టను ఉక్కుదైనా, అల్యూమినియందైనా తగ్గించలేదు.

జెట్‌ఫైర్ చేసిన తప్పు శాస్త్రంలో కాదు, వాడకంలో. ద్రవం నిండుకొంటే టర్బో పీడనాన్ని తగ్గించే ఏర్పాటు ఉన్నది కాని, అప్పుడు కారుకు బలం పోతుంది. చాలమంది యజమానులు ద్రవం పోయడం మరచిపోయారు. 1963తో ఆ కారు ఆగిపోయినది. కోర్వెయిర్ టర్బో 1966 వరకు నడచినది. అయితే దానికీ లోపం లేకపోలేదు. నిష్పత్తి తక్కువ గనుక, టర్బో వేగం అందుకొనే వరకు ఇంజను మందకొడిగానే ఉంటుంది. జెట్‌ఫైర్ ఊహ వృథా కాలేదని కూడ ఒప్పుకోవాలి. నేటి టర్బో ఇంజన్లలో హెచ్చు నిష్పత్తి సాధ్యమవుతున్నదంటే, గాలిని ముందుగా చల్లబరచడం, ఇంధనాన్ని నేరుగా సిలిండరులోనికి చిమ్మడం, నాకింగ్‌ను కనిపెట్టే పరికరం ఉండడమే కారణం.

ఇప్పుడు ఒక్కొక్క భాగాన్ని చూద్దాం. ఫోర్జ్ చేసిన పిస్టను దెబ్బను బాగా ఓర్చుకొంటుంది. కాని సిలికాన్ తక్కువగా ఉన్న మిశ్రమంతో చేసినదైతే వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది. అందువలన సిలిండరులో సందు ఎక్కువ విడవాలి. చల్లగా ఉన్నప్పుడు అది టకటకమని కొట్టుకొంటుంది. రోజూ ఆఫీసుకు పోయివచ్చే కారుకు ఇది మేలు కాకపోవచ్చు.

పిస్టన్ రింగుకు ఇచ్చే ప్రాధాన్యం చాల తక్కువ. 80 మిల్లీమీటర్ల సిలిండరులో రింగు చుట్టుకొలత సుమారు 251 మిల్లీమీటర్లు. అది మరో 100 డిగ్రీలు వేడెక్కితే 0.28 మిల్లీమీటరు సాగుతుంది. ఆ మేరకు కొనల మధ్య సందు లేకపోతే కొనలు ఒకదానినొకటి నెట్టుకొని పిస్టన్ గాడి అంచునే విరుగగొడతాయి. ఇట్టి చోట్ల నింద పిస్టన్‌పై పడుతుంది.

కనెక్టింగ్ రాడ్ సంగతి ఇంకా విచిత్రం. అదే సిలిండరులో పీడనం 60 నుండి 90 వాతావరణ పీడనాలకు పెరిగితే రాడ్‌పై నొక్కే బలం సుమారు 3,000 కిలోల బరువు నుండి 4,500కు పెరుగుతుంది. కాని రాడ్‌ను సాగదీసేది, దాని బోల్టులను తెంచేది, పిస్టన్ జడత్వం. అది ఇంజను వేగం వర్గాన్ని అనుసరిస్తుంది. నిమిషానికి 6,000 చుట్లను 7,000 చేస్తే ఈ లాగుడు 36 శాతం పెరుగుతుంది. టర్బో నొక్కుతుంది, వేగం లాగుతుంది. ఇంజను వేగం పెంచదలచని వాడు లాగుడుకు భయపడి డబ్బు పోయడం అనవసరం.

కనుక ఎంపికకు వరుస ఇది కావాలి: మొదట ఇంధనం, సంపీడన నిష్పత్తి, గాలిని చల్లబరచే ఏర్పాటు, తరువాత రింగుల సందు, పిస్టన్లు, పొగ వాల్వులు, ఆ తరువాత రాడ్లు, చివరకు క్రాంకు షాఫ్టు. వినవచ్చే సలహా ఈ వరుసను తలక్రిందులు చేస్తున్నది. ఉపాధ్యాయులు సంపీడన నిష్పత్తి పాఠం చెప్పేటప్పుడు పై రెండు కార్ల లెక్కను నల్లబల్లపై వేయించవచ్చు. ఏ భాగం గట్టిదని అడుగుటకు ముందు, దానిపై ఏ బలం, ఎంత వేడి పడుతున్నదని అడగడం విద్యార్థికి అలవాటు కావాలి.