కోన్‌సెట్ కూర్చిన చెయ్యి

పాత బుల్లెట్ ఊసెత్తితే మనవాళ్లు ఇంజను దగ్గర మొదలెట్టి సైలెన్సరు దగ్గర ఆపేస్తారు. ఆ డుగ్‌డుగ్ గురించి గంటలకొద్దీ మాట్లాడతారు గానీ హ్యాండిల్ తిప్పి చూసి ఆహా అన్న పాపాన పోయినవాడు ఒక్కడూ కనపడడు. నామటుకు నాకు మెకానిక్ పనితనం తేలేది అక్కడే. ఇంజను పనిలో తప్పు దొర్లితే చప్పుడో పొగో వెంటనే పట్టిచ్చేస్తుంది. కోన్‌సెట్ సరిగ్గా వేస్తే బండి తిన్నగా పోతుంది, అంతకుమించి ఏమీ కనపడదు. తిన్నగా పోయే బండిని చూసి చప్పట్లు కొట్టేదెవరు? ఆ చప్పట్లేవో ఇక్కడ నేను కొడతాను.

కోన్‌సెట్ అంటే ఏమీ లేదు, నాలుగు ఉక్కు రింగులు, వాటి నడుమ బాల్స్. ఫ్రేము ముందు భాగంలో నిలువుగా ఉండే గొట్టానికి పైనొక కప్పు, కిందొక కప్పు. ముందు ఫోర్కును మోసే ‘టీ’ కడ్డీ అడుగున ఒక రేసు, ఆ కడ్డీ పైకొసన ఇంకొకటి. పాత బుల్లెట్‌లో పావంగుళం బాల్స్ పైన 19, కింద 19. రోడ్డు మీద ముందు చక్రం తిన్న దెబ్బ ఫ్రేముకు చేరేది ఈ 38 బాల్స్ మీదుగానే. బ్రేకు కొట్టినప్పుడు భారమంతా వాటి మీదికే వస్తుంది. ఇంత చాకిరీ చేసి, వేలితో తాకితే తిరగాలి.

పోయిన కోన్‌సెట్‌ను పట్టుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. సెంటర్ స్టాండు వేసి, ఇంజను కింద చెక్కముక్క పెట్టి ముందు చక్రాన్ని గాల్లోకి లేపాలి. హ్యాండిల్‌ను రెండు వేళ్లతో మెల్లగా అటూ ఇటూ తిప్పాలి. సరిగ్గా నడిమధ్యకు వచ్చేసరికి ఏదో గుంటలో కూర్చున్నట్టు ఆగిందంటే రేసులకు గుంటలు పడ్డట్టే. తరవాత చక్రం ముందు కూర్చుని ఫోర్కు రెండు కాళ్లనూ అడుగున పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపాలి. ‘టక్’మని వేలికి తెలిస్తే బిగువు వదిలింది. నేను మెచ్చే మేస్త్రీలు ఈ రెండో పరీక్ష దాకా కూడా రారు. బండి ఎక్కి పది గజాలు పోనిచ్చి దిగిపోతారు, జబ్బు పైరేసుదా కిందిదా కూడా చెప్పేస్తారు. విప్పి చూస్తే మాట పొల్లుపోదు.

ఆ గుంటలు గోతుల్లో పడటం వల్లే వస్తాయని అందరూ అంటారు. గోతుల పాపం కొంత ఉంది, కాదనను. అసలు దొంగ మాత్రం చక్కటి రోడ్డే. మైళ్లకొద్దీ తిన్నగా పోతుంటే హ్యాండిల్ తిరగదు, బాల్స్ ఉన్నచోటే అణువంత కదులుతూ వణుకుతుంటాయి. తాకినచోట గ్రీజు పక్కకు తొలగిపోతుంది, కొత్త గ్రీజు లోపలికి రాదు. ఉక్కును ఉక్కు రాసి, ఎర్రటి పొడి రాలి, ఒక్కో బాల్ కింద ఒక్కో గుంట పడుతుంది. అందుకే గుంటలన్నీ హ్యాండిల్ తిన్నగా ఉన్నప్పటి వరసలోనే ఉంటాయి.

ఇక విప్పడం. ఇంట్లో చేయదలచుకున్నవాళ్లు ఓ ఆదివారం పూర్తిగా ఖాళీ పెట్టుకోవాలి. బ్యాటరీ వైరు పీకాక, డూమ్‌లోంచి హెడ్‌లైటు తీసి, వైర్లు విప్పేముందు ఫోను కెమెరాతో ఒక ఫొటో తీసుకోవాలి. స్పీడోమీటరు కేబులు, బ్రేకు కేబులు, చక్రం, మడ్‌గార్డు వరసగా వచ్చేస్తాయి. బుల్లెట్‌కు ఒక పెద్దింటి దర్జా ఉంది. చాలా బళ్లలో ఫోర్కు గొట్టాలను పై పలక బోల్టుతో పట్టి ఉంచితే, ఇక్కడ అవి నేరుగా డూమ్‌లోకి మరల్లా బిగిసి ఉంటాయి. కింద క్లాంపు బోల్టులు వదులు చేసి, గొట్టాలు తిప్పి తీయాలి. టీ కడ్డీ పైనట్టు విప్పేముందు నేల మీద పాత దుప్పటి పరవాలి. టీ అంగుళం దిగీ దిగకముందే కింది బాల్స్ జలజలా రాలతాయి. దుప్పటి లేకపోతే రాత్రి దాకా మంచం కింద వెతుక్కోవడమే. రాలినవి లెక్క చూసుకోవాలి. పాత లెక్క కూడా తప్పయి ఉండొచ్చు, మీకన్నా ముందు ఎవడు విప్పాడో ఎవరికి తెలుసు?

కప్పులు ఊడగొట్టడంలో చేతి నేర్పు బయటపడుతుంది. గొట్టం పైనుంచి పొడుగాటి కడ్డీ దింపి, కింది కప్పు లోపలి అంచు మీద ఒక దెబ్బ, సరిగ్గా దానికి ఎదురువైపు ఇంకో దెబ్బ. ఒకేవైపు బాదితే కప్పు వంకర తిరిగి గొట్టాన్ని గీరేస్తుంది. గొట్టం గీరుకుపోయిందంటే ఎంత మంచి కప్పూ దానిలో నిలవదు. కళ్లజోడు పెట్టుకోకుండా ఈ పని చేయొద్దు, గట్టి ఉక్కు పెచ్చు లేచిందంటే నేరుగా కంటికే వస్తుంది. కడ్డీకి అంచు దొరకని మొండి కప్పుకు మేస్త్రీలు వేసే మంత్రం చూడాలి. కప్పు లోపలివైపు చుట్టూ సన్నటి వెల్డింగు గీత ఒకటి వేసి ఊరుకుంటారు. వెల్డింగు చల్లారుతూ కప్పును లోపలికి ముడుస్తుంది. సుత్తి ముట్టుకోకుండానే కప్పు చేతిలోకి జారుతుంది. ఆ పని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

కొత్తవి కూర్చడంలో తొందర పనికిరాదు. కప్పుల్ని ముందు రాత్రే ఫ్రిజ్‌లో ఐసు కట్టే అరలో పెట్టాలి. యాభై మిల్లీమీటర్ల ఉక్కు రింగు అక్కడ మహా అయితే మిల్లీమీటరులో నూటికి మూడు వంతులు కుంచించుకుంటుంది. వెంట్రుక మందంలో సగం కూడా కాదు, అయినా ఆ సందు చాలు. పాత కప్పుకే గ్రైండరుతో ఒక చీలిక పెట్టి కొత్తదాని మీద బోర్లిస్తే అదే దిమ్మిసా అవుతుంది. చీలిక ఉంది కాబట్టి లోపల ఇరుక్కోదు. సుత్తికి మనసొప్పనివాళ్లు పొడుగాటి మరకడ్డీ, రెండు దళసరి వాషర్లు, రెండు నట్లు పెట్టి నెమ్మదిగా లాక్కోవచ్చు. సుత్తి పట్టినవాడికి చెవే గురువు. కప్పు దిగుతున్నంతసేపూ దెబ్బ మొద్దుగా మోగుతుంది, అడుగుకు తగలగానే ఖంగుమంటుంది. ఖంగుమన్నాక ఇంకొక్క దెబ్బ కూడా వేయని చెయ్యే నిజమైన చెయ్యి.

రేసు నిండా గ్రీజు పట్టించి బాల్స్ అందులో గుచ్చాలి. చివర్న ఒక బాల్ పట్టేంత సందు మిగిలినట్టుంటే దాన్ని మిగలనివ్వాలి, ఇరికించకూడదు. ఆఖరిది సర్దుబాటు. నట్టు బిగిస్తూ పోయి ఊగడం పూర్తిగా ఆగిన చోట ఆపాలి. చక్రం గాల్లో ఉండగా హ్యాండిల్‌ను మధ్యనుంచి వేలితో కాస్త నెడితే, దాని బరువుకు అదే పక్కకు వాలిపోవాలి. వాలకపోతే బిగువెక్కువ. ఆ బండి నెమ్మదిగా పోయేటప్పుడు పాములా అటూ ఇటూ తిరుగుతుంది, తొక్కేవాడి భుజాలు పట్టేస్తాయి. వదులైతే బ్రేకు కొట్టినప్పుడల్లా టక్కుమంటుంది, వేగంలో హ్యాండిల్ వణుకుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక కప్పులు సర్దుకుంటాయి కాబట్టి ఇంకోసారి చూడాలి.

చరిత్ర పెద్దగా చెప్పను. ఇంగ్లండులోని రెడిచ్‌లో పుట్టిన బండి మన సైన్యం పుణ్యమా అని మద్రాసు చేరింది, 1955లో ఇక్కడ కంపెనీ పెట్టారు. ఒక్కమాట మాత్రం చెప్పాలి. దీన్ని తీర్చిదిద్దిన ఎన్‌ఫీల్డ్ ఇంజనీర్లలో ఒకడైన టోనీ విల్సన్-జోన్స్ 1950ల తొలినాళ్లలో రెండు చక్రాల బళ్ల స్టీరింగు మీదే పరిశోధనా పత్రం రాసిన మనిషి. జానీ బ్రిటన్ అనే రైడరు ఇదే 350 బుల్లెట్ మీద రాళ్లూ వాగులూ దాటి స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్‌ను 1952లోనూ 1957లోనూ గెలిచాడు. కాలు కింద పెడితే మార్కులు పోయే ఆ పోటీలో హ్యాండిల్ మాట వినకపోతే గెలుపెక్కడిది? ఇంట్లో పనేమిటని నవ్వేవాళ్లు న్యూజిలాండు పెద్దాయన బర్ట్ మన్రోను తలుచుకోవాలి. 1920 నాటి ఇండియన్ స్కౌట్‌కు పిస్టన్లు కూడా తన షెడ్డులోనే పోసుకుని, 1967లో 68 ఏళ్ల వయసులో అమెరికాలోని బాన్‌విల్ ఉప్పు మైదానంలో దాన్ని గంటకు 295 కిలోమీటర్లకు పైగా ఉరికించాడు.

ఇంత గొప్ప కోన్‌సెట్ పనికి మనం పట్టించిన గతి చూస్తే ఒళ్లు మండుతుంది. హ్యాండిల్ ఊగుతోందని బండి తీసుకెళితే ఇవాళ చాలాచోట్ల చేసేది ఒక్కటే, పైనట్టు బిగించి పంపేయడం. గుంటలు పడ్డ రేసును బిగిస్తే గుంట మరింత లోతవుతుంది. అది మరమ్మతు కాదు, డబ్బు తీసుకుని చేసే ద్రోహం. దానికి తోడు వాటర్ సర్వీసింగు! ప్రెషరు గొట్టాన్ని తెచ్చి సరిగ్గా కోన్‌సెట్ మీదే పెట్టి కొడతారు. నీళ్లు లోపలికి, గ్రీజు బయటికి. బండి మెరుస్తుంది, లోపల తుప్పు మొదలవుతుంది.

వీటన్నిటినీ మించింది నకిలీ సరుకు. హైదరాబాదు పుత్లీబౌలీలో అడిగినా, విజయవాడ ఆటోనగర్‌లో అడిగినా మంచి సెట్టుతో పాటు అచ్చం అలాంటి డబ్బాలోనే మెత్తటి ఇనప కప్పులూ దొరుకుతాయి. బేరింగు ఉక్కులో ఒక శాతం కార్బను, ఒకటిన్నర శాతం క్రోమియం ఉండాలి, గట్టిగా పదును పెట్టి ఉండాలి. ఈ డబ్బాలో ఉన్నదానికి పైపూత మెరుపు తప్ప ఏమీ లేదు. ఒకప్పుడు హైదరాబాదు మౌలాలిలో మన హెచ్‌ఎంటీ బేరింగుల ఫ్యాక్టరీ ఉండేది. 2016లో దాని మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదముద్ర వేసింది. బేరింగులు చేసిన ఊళ్లో నకిలీ బేరింగులు కొనుక్కుంటున్నాం.

బాల్స్ బదులు టేపర్ రోలర్లు వేయించుకున్నవాళ్లు నామీద కారాలూ మిరియాలూ నూరతారని తెలుసు, నూరనీయండి. రోలరు గీతలా తాకుతుంది, బాల్ చుక్కలా తాకుతుంది, కాబట్టి రోలరు ఎక్కువ బరువు మోస్తుంది, ఒప్పుకుంటాను. కానీ నిక్కమైన ఉక్కు కప్పులు, కొత్త బాల్స్, తెలిసిన చెయ్యి ఉంటే పాత బుల్లెట్‌కు అంతకు మించింది అక్కర్లేదు. చెయ్యి చెడిందని బాల్‌ను తిట్టడం ఎక్కడి న్యాయం?

బుల్లెట్ బాబులకు నా విన్నపాలు మూడే. కోన్‌సెట్ కొనేటప్పుడు జేబులో చిన్న ఆకురాయి పెట్టుకెళ్లండి. కప్పు బయటి అంచు మీద ఒక్కసారి రుద్దండి. జారిపోతే డబ్బులివ్వండి, కొరికితే సెట్టు కౌంటరు మీదే వదిలేసి రండి. ఇంట్లో విప్పే ధైర్యముంటే విప్పండి, పక్కన ఓ కుర్రాణ్ణి కూర్చోబెట్టుకుని ఆ ఖంగు వినిపించండి. ధైర్యం లేకపోతే మీ ఊరి పాత మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లండి. అరపూట పనికి ఆయన అడిగింది బేరమాడకుండా ఇవ్వండి. సైలెన్సరుకు వేలు పోసే మనం ప్రాణం మోసే 38 బాల్స్ దగ్గర వంద కోసం బేరమాడుతున్నాం. ముందు ఆ సిగ్గుమాలిన అలవాటు మానుకుందాం.